మొదటి నష్టం ఎవరు మోయాలి?

(విన్సెంట్ ఫెర్రర్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఫాదర్ ఫెర్రర్ గారి గురించి అనంతపురంలో నిలబడి నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. ఆయనతో కలిసి నడిచినవాళ్లు, ఆయన సంస్థ కట్టించిన ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేసి నా విషయంలోకి వస్తాను. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెస్యూట్‌గా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో ఆయన చేపట్టిన పని రైతుల చేత బావులు తవ్వించడం. తవ్వుతున్నన్ని రోజులూ ఆ ఇంటికి గోధుమలు, నూనె ఇచ్చేవారు. నీళ్లు పడతాయో లేదో తెలియని గుంతలోకి రైతు గడ్డపార పట్టుకొని దిగుతున్నాడు. పడకపోతే అతని రోజులు వృథా, ఇల్లు పస్తు. ఆ పస్తు భయాన్ని ఫాదర్ తన మీద వేసుకున్నారు. 1968లో ఆయన్ని దేశం విడిచి వెళ్లమన్నప్పుడు వేలమంది రైతులు రోడ్డెక్కారంటే అందుకే. 1969లో తిరిగివచ్చి ఈ అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు, మనం ఆర్డీటీ అని పిలుచుకునే సంస్థ, మొదలుపెట్టారు. 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశారు.

వానలు నమ్మకం తప్పిన ఈ కాలంలో దాత ఇచ్చే రూపాయి చిన్న రైతును ఎక్కడ నిలబెడుతుంది, ఎక్కడ నిలబెట్టదు అన్నది ఈరోజు నా విషయం. సమాధానం ఆ మన్మాడ్ బావుల దగ్గరే ఉందని నా నమ్మకం.

మన వాన సంగతి ముందు చూద్దాం. అనంతపురం సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బు పడమటి కనుమలు దాటేసరికే చాలావరకు ఖాళీ అవుతుంది. ఈశాన్య మబ్బు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం ఉడిగిపోతుంది. ఈ పరిస్థితి మన తాతల నాటి నుంచీ ఉన్నదే, దాన్ని ఎరిగే వాళ్లు కొర్ర, సజ్జ, ఆరికె, కంది, ఉలవ కలిపి వేసుకున్నారు. ఇప్పుడు మారింది వాన నడత. జూన్‌లో అదను దొరికి విత్తితే జూలై ఆఖరు నుంచి బెట్ట. శెనక్కాయ ఊడలు దిగే వేళకు నేల ఇనుములా బిగుస్తుంది. కోత వేళకు పట్టిన ముసురు పీకిన చెట్టును చేలోనే బూజు పట్టిస్తుంది. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. కరువు సీమ అని పేరు పడ్డ మన రాయలసీమలోనే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏడాది మొత్తం వాన సగటుకు దగ్గరగా ఉన్నట్టు కాగితం మీద కనిపించినా పంట చేతికి రాని ఏళ్లు ఎన్నో. సగటు వాన రైతుకు అన్నం పెట్టదు.

ఇలాంటి వానకు ఒకే పంట మీద ఆధారపడటం ప్రమాదమని ఏ రైతుకు తెలియదు? అయినా ఒక దశలో ఈ ఉమ్మడి జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయే వేశారు. రైతు మొండివాడు, మార్పు ఇష్టపడడు అని చెప్పేవాళ్ల మాట వింటే నాకు కోపం వస్తుంది. బ్యాంకుకు వెళ్లి చూడండి. పంట రుణం పంటకు ఇంత అని పట్టికలో రాసి ఉంటుంది. తొమ్మిది రకాల గింజలు కలిపి వేస్తానంటే ఆ పట్టికలో గడి లేదు. బీమా నోటిఫై చేసిన పంటకే. సబ్సిడీ విత్తనం అంటే ఎక్కువగా శెనక్కాయే. 1986లో నూనెగింజల మిషన్ వచ్చినప్పటి నుంచి ధర, విత్తనం, రుణం, మిల్లు, అన్నీ అతన్ని ఒకే పంట వైపు నెట్టాయి. ఆ వలలో నుంచి ఒంటరిగా బయటికి రమ్మంటే ఎలా వస్తాడు?

ఇరవై ఏళ్లకు నాగలి పట్టి అరవైకి మానేసే మనిషికి జీవితంలో దొరికేది నలభై ఖరీఫ్‌లు. అందులో ఒకటి ప్రయోగానికి పోగొట్టుకుంటే దాని అప్పు తర్వాతి మూడు ఖరీఫ్‌లను మింగుతుంది. కొత్త పద్ధతి మంచిదని తెలిసినా అందుకే చెయ్యి ముందుకు రాదు. దేశంలోని కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే అని 2015–16 వ్యవసాయ గణన చెబుతోంది. అంటే వాటిలో చాలావాటికి ప్రయోగం విఫలమైతే ఆసరా ఇవ్వడానికి రెండో చెక్క ఉండదు.

బ్యాంకు తన డబ్బు వెనక్కి రావాలనుకుంటుంది. అది దాని ధర్మం. ప్రభుత్వ పథకానికి లక్ష్యాల సంఖ్య ఉంటుంది, మార్చి నెలాఖరు ఉంటుంది, అది జిల్లా అంతటికీ ఒకే కొలత. పోతే పోయిందనుకొని మొదటి నష్టాన్ని మోయగలిగిన డబ్బు ఒక్కటే ఉంది, అది విరాళం. దాని అసలు పని అదేనని నేను అంటాను. చీరలు పంచడం, బియ్యం పంచడం అవసరమైన వేళలు ఉంటాయి, కాదనను. కానీ మారే వానను తట్టుకునే సేద్యం కట్టాలంటే దాత మోయవలసింది మొదటి నష్టం.

కళ్యాణదుర్గం పక్క ఒక ఊళ్లో నేను చూసిన చేను గురించి కాస్త తీరిగ్గా చెప్తాను. ఐదెకరాల మెట్ట, ఎర్ర నేల. సేద్యం చూసేది ఒక పెద్దావిడ. కొడుకు బెంగళూరులో కూలి పనికి వెళ్లాడు. ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెతో ఒప్పందం చేసుకుంది. నాలుగెకరాలు నీ ఇష్టం, ఒక ఎకరం మేం చెప్పినట్టు వెయ్యి, ఆ ఎకరంలో పక్క ఎకరం కంటే తక్కువ వస్తే తేడా మేం కడతాం అని. మట్టి, బూడిద, ఘన జీవామృతం పట్టించి గుళికలు చేసిన నవధాన్యాల గింజలు వేసవిలోనే, వాన రాకముందే, వట్టి నేలలో చల్లించారు. మొదటి జల్లుకు మొలిచినవి మొలిచాయి, మిగిలినవి గుళికలో కాచుకున్నాయి. ఆ పచ్చదనం నేలను కప్పాక అందులోనే శెనక్కాయ, కంది, సజ్జ, అలసంద, అనుము సాళ్లు వేశారు. చేను దిగువ మూల చిన్న కుంట తవ్వారు.

నేను వెళ్లేసరికి ఆగస్టు, వాన లేక నాలుగో వారం. పక్క ఎకరంలో శెనక్కాయ ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుపోతోంది. ఈ ఎకరంలో సజ్జ నీడన, ఆకు కప్పిన నేలలో, వేలు పెడితే కాస్త చల్లదనం తగిలింది. కుంటలోని నీళ్లు చిన్న ఆయిల్ ఇంజనుతో ఒక తడి పెట్టారు. లెక్క చూడండి. ఎకరానికి 20 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు 80 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరుతో తోలితే పదహారు ట్రిప్పులు, ఏ పేద రైతుకూ గిట్టుబాటు కాదు. పైన పది మీటర్ల పొడవూ పది మీటర్ల వెడల్పూ ఉండి, గట్లు ఏటవాలుగా రెండు మీటర్ల లోతుకు దిగిన కుంట ఒక్క గట్టి వానకు నిండితే లక్షా ముప్పై వేల లీటర్లు పడతాయి. ఊడలు దిగే పది రోజుల్లో ఆ ఒక్క రక్షక తడి పడిందా లేదా అన్నదాని మీదే పంట ఆధారపడి ఉంటుంది. సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ఆమె ఏమన్నదో అలాగే చెప్తాను. "శెనక్కాయ అంతంత మాత్రమే నాయనా. కందులు నిలిచినాయి. ఎనుములకు సొప్ప ఉండాది. పోయినేడు అది గూడా లేక అమ్ముకుంటిమి."

శెనక్కాయ నూటపది రోజుల్లో తేలిపోతుంది. కంది వేరు లోతుకు దిగి, ఆరు నెలలు నిలిచి, అక్టోబరు వానను అందుకుంటుంది. ఒకటి పోయిన చోట ఇంకొకటి నిలవడం వెనక ఉన్న శాస్త్రం ఇంతే. ఆ ఏడు సంస్థ తేడా కట్టవలసిన అవసరం రాలేదు. మరుసటి ఏడు ఎవరూ హామీ ఇవ్వకుండానే ఆమె రెండున్నర ఎకరాలు అలాగే వేసింది. చుట్టుపక్కల రైతులు అడిగి గింజలు పట్టుకెళ్లారు. దాత చెయ్యవలసిన ఖర్చు అక్కడితో అయిపోయింది.

ఒక చేను మారితే ఏమవుతుందని అడగవచ్చు. మన తెలుగు నేల మీదే దానికి జవాబు ఉంది. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు. పత్తికి, మిరపకు పురుగుమందులు కొట్టీ కొట్టీ అప్పుల్లో మునిగిన ఊరు. సికింద్రాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ దాతల డబ్బుతో, సెక్యూర్ అనే స్థానిక సంస్థ ద్వారా, అక్కడ మందులు లేని సేద్యాన్ని నిలబెట్టింది. వేపగింజల కషాయం, ఎర పంటలు, పక్షి స్థావరాలు, అన్నీ చౌకైన పనులే. ఖరీదైనది మొదటి రెండు మూడేళ్లు రైతు పక్కన నిలబడే మనిషి. ఆడవాళ్ల పొదుపు సంఘాలు పట్టు పట్టడంతో పంచాయతీయే ఆ ఊరికి పురుగుమందులు రాకుండా తీర్మానం చేసింది. ఆ అనుభవాన్ని చూసి పేదరిక నిర్మూలన సంస్థ, అదే సెర్ప్, మహిళా సంఘాల ద్వారా జిల్లాలకు విస్తరించింది. ఆ దారిలోనే 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజల భాగస్వామ్యంతో ప్రకృతి సాగు కార్యక్రమం సాగుతోంది. ఇందాక చెప్పిన ముందస్తు నవధాన్యాల విత్తు లక్షలమంది రైతుల చేలకు చేరింది ఈ కార్యక్రమంతోనే. దానికి అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ సాయం అందింది. 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ బహుమతిని పంచుకున్నవారిలో ఈ కార్యక్రమమూ ఉంది.

ఎప్పటి నుంచో మన ఆర్థికవేత్తలు కరువు ప్రాంతాల గురించి రాస్తూనే ఉన్నారు. 1994లో ఆచార్య సి.హెచ్. హనుమంతరావు గారి కమిటీ దేశంలోని వాటర్‌షెడ్ పనులకు కొత్త దారి వేసినప్పుడు స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో చేసి చూపిన పనుల్ని ముందు పెట్టుకుంది. 1995 ఏప్రిల్ నుంచి అమలైన మార్గదర్శకాలు ఆ నివేదిక నుంచి వచ్చినవే. దాత డబ్బు చిన్నది. సర్కారు ఖజానాతో పోలిస్తే లెక్కలోకి రాదు. కానీ ఖజానా వెళ్లవలసిన దారిని ముందుగా నడిచి చూపగలదు. ప్రభుత్వం బాధ్యతను దాతల నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఉపాధి హామీ కూలీతో తవ్వగల కుంటను విరాళంతో తవ్వించడం విరాళాన్ని వృథా చేయడమే.

విరాళం కీడు చేసిన చోటు కూడా చెప్పాలి. దాతకు బోరు బావి మీద మోజు ఎక్కువ. నీళ్లు ఎగజిమ్ముతుంటే ఫోటో బాగుంటుంది, పేరు రాసిన పలక పెట్టవచ్చు. ఒక రైతుకు దానంగా వేసిన బోరు పక్క ముగ్గురి బోర్లను ఎండగడితే ఆ దానం ఎవరికి? రెండు వందల అడుగుల దగ్గర దొరికిన నీళ్లు వెయ్యి అడుగులకు దిగిన ఊళ్లు మన మధ్యే ఉన్నాయి. నెదర్లాండ్స్ సాయంతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, నంద్యాల బర్డ్స్ సంస్థ వంటివి ఏడు జిల్లాల్లో చేసిన భూగర్భ జలాల పని దీనికి మంచి మందు. రైతులే వాన కొలిచారు, రైతులే బోర్లలో నీటి మట్టం చూశారు, రబీకి ముందు ఊరంతా కూర్చొని పంట నీటి బడ్జెట్టు వేసుకున్నారు. ఉన్న నీళ్లకు వరి వేయాలా, ఆరుతడి వేయాలా అన్నది వాళ్లే తేల్చుకున్నారు. ఆ డబ్బుతో ఒక్క బోరూ వేయకుండానే నీళ్లు మిగిల్చిన ఊళ్లు ఉన్నాయి. ఇలాంటి పనికి పలక పెట్టడానికి చోటు దొరకదు, అందుకే దాతలూ తక్కువే దొరుకుతారు.

మన పూర్వీకుల దానంలో కట్టినదాన్ని కాపాడుకునే జాగ్రత్త ఉంది. సప్త సంతానాల్లో చెరువు తవ్వించడం ఒకటని మనందరికీ తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చూడండి. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వెయ్యిమంది కూలీలతో, వంద బండ్లతో రెండేళ్లు చెరువు కట్టించాడు. శాసనంలో తన కీర్తితో ఆపలేదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. చెరువుల మరమ్మతు కోసం దశబంధం మాన్యాలు ఉండేవి. కట్ట వేసినవాడికో, ఏటేటా కట్ట చూసుకునేవాడికో భూమి మీద వచ్చే ఫలంలో భాగం రాసిచ్చేవారు. కట్టడానికి ఇచ్చినట్టే కాపాడటానికీ ఇవ్వాలని వాళ్లకు తెలుసు.

ఇప్పటి మన నిబంధనలు దీనికి ఎదురు నడుస్తున్నాయి. కంపెనీల చట్టం కింద 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. మంచిదే. కానీ సాగుతున్న ప్రాజెక్టుకు మొదలుపెట్టిన ఏడు కాక మూడేళ్లే గడువు. తమ ఫ్యాక్టరీ ఉన్న చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట ఉంది కనుక ఫ్యాక్టరీ లేని మెట్ట మండలాలకు వచ్చేది తక్కువ. నేల కోలుకోవడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లలో ఒక కరువు వస్తే ఒక ఏడాది పని కరువుకే పోతుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఇంకో దెబ్బ. అనుమతి ఉన్న పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును ఊళ్లో పనిచేసే చిన్న సంస్థకు పంచడానికి వీల్లేదు. పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. దుర్వినియోగాన్ని ఆపాలి, నేనూ కోరతాను. కానీ పునుకులలో జరిగింది సరిగ్గా అలాంటి అమరికతోనే కదా? పట్నంలోని సంస్థకు డబ్బు, పాల్వంచలోని చిన్న సంస్థకు పని. విదేశీ డబ్బు ఆ దారిన ఈరోజు నడవలేదు.

ఏళ్ల తరబడి తోడు నిలిస్తే ఏం సాధ్యమో తెలియాలంటే జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలను కూడా తలచుకోవాలి. 1983లో మొదలైన సంఘాలవి. ఒక్కొక్కరి చేలో ఎన్నో పంటలు, ఇంట్లో వేపాకు, బూడిద వేసి మట్టితో మూసిన బుట్టల్లో విత్తనాలు. 2008 నుంచి వాళ్లదే రేడియో. 2019లో ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. వాళ్లతో నలభై ఏళ్లు నడిచిన పి.వి. సతీశ్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. విత్తనం రైతు ఇంట్లో ఉంటే అదను తప్పినా రెండోసారి విత్తుకోవచ్చు. కొనుక్కోవలసి వస్తే రెండోసారి విత్తు అప్పుతోనే.

కౌలు రైతు సంగతి చెప్పకుండా ముగించలేను. రేపు వదిలిపోవలసిన భూమిలో అతను కుంట ఎందుకు తవ్వుతాడు, గట్ల మీద చెట్లు ఎందుకు పెడతాడు? ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డుకు యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. నేలను బాగుచేసే దానమంతా యజమానికే చేరే ప్రమాదం ఉంది. దాతలు సొమ్ము ఇచ్చే ముందు కనీసం ఐదేళ్ల కౌలు ఒప్పందం ఉందా అని అడగాలి. ఆ మాట అడగగల బలం డబ్బిచ్చేవారికి ఉంటుంది, కౌలుదారుకు ఉండదు.

ఆఖరుగా దాతలకు, ముఖ్యంగా అమెరికాలో, గల్ఫ్‌లో, బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడ్డ మన ఊళ్ల పిల్లలకు ఒక విన్నపం. ఊరికి గుడి కట్టించారు, బడికి గదులు వేయించారు, సంతోషం. ఇప్పుడు మీ ఊరి మెట్ట చేల వైపు చూడండి. మీరు భారత పౌరులై ఉండి సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, ఊరి చిన్న సంస్థకు నేరుగా ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు ఒక్క ఏడాదికి ఇవ్వకండి, ఐదేళ్లకు మాట ఇవ్వండి. వస్తువుకు కాదు, ఊరూరా తిరిగి రైతు పక్కన కూర్చునే కార్యకర్త జీతానికి ఇవ్వండి. పది కుటుంబాలు ఒక్కో ఎకరంలో కొత్త సేద్యం మొదలుపెడితే ఆ పది ఎకరాల నష్టభయం మీరు రాసివ్వండి. స్పెయిన్‌లో మన ఊరి పేరైనా పలకలేని వేలాది మామూలు మనుషులు నెలనెలా తమ జీతంలో కొంత తీసి ఆర్డీటీ ద్వారా ఏళ్ల తరబడి ఈ జిల్లాకు పంపుతూ వచ్చారు. ఈ ఖరీఫ్‌కు ముందే మీ ఊళ్లో ఒక రైతు ఇంటికి ఫోన్ చేసి, నీ ఒక ఎకరం నష్టం నేను మోస్తానని చెప్పండి.